ఆటోక్రాసు పందెములు: హద్దులలోని సన్నాహము

మోటారు పందెమనగానే మన బాలుర కన్నుల యెదుట పెద్ద ఇంజనులును, పెద్ద రొదయును, పెద్ద ధనమును నిలుచును. ధనవంతుడు కొన్న కారే గెలుచుననియు, తక్కినవారు గట్టున నిలిచి చప్పట్లు కొట్టుటకే పుట్టిరనియు తలంచువారు పెక్కురు కలరు. ఈ తలంపు కొన్ని పందెముల విషయమున నిజము కావచ్చును. కాని అమెరికా సంయుక్త రాష్ట్రములలో శని ఆదివారములందు ఉద్యోగులును, విద్యార్థులును, గృహస్థులును తమ సొంత కార్లతో పాల్గొను ‘ఆటోక్రాసు’ అను పందెము విషయమున ఇది చెల్లదని మా అభిప్రాయము. అచ్చట గెలుపునకు మూలము తన హద్దును తానెఱిగి, ఆ హద్దు లోపల సంపూర్ణముగా సిద్ధపడుట. ఈ యొక్క సంగతిని మా పాఠకుల ముందు సహేతుకముగా నుంచుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఆటోక్రాసు స్వరూపము తెలియనివారికై ముందుగా కొన్ని మాటలు. సిమెంటు గాని తారు గాని పఱచిన విశాలమైన మైదానమున నారింజరంగు కోనులను వరుసలుగా నిలిపి, వంకరటింకరయైన త్రోవ నొకదాని నేర్పఱతురు. అచ్చట కార్లు ఒకదాని నొకటి తరుముకొనుచు పోవు. ఒక్కొక్క కారే వరుసగా బయలుదేరి, గడియారముతో పోటీ పడును. సెకనులో వేయవ వంతు వఱకు కాలమును లెక్కింతురు. ఒక పరుగు సామాన్యముగా నిమిషమునకు అటునిటుగా ముగియును. వేగము రాజమార్గములపై అనుమతింపబడు వేగమును సాధారణముగా మించదు. పెక్కు కార్లకు రెండవ గేరే చాలును. ఒక్కొక్క పోటీదారునకు కొన్ని పరుగులు మాత్రమే లభించును. వానిలో ఉత్తమమైనదే లెక్కకు వచ్చును. కోనును పడద్రోసినను, దాని చోటినుండి తొలగించినను, ఒక్కొక్క కోనుకు 2 సెకనులు చొప్పున అపరాధముగా కలుపుదురు. త్రోవ తప్పిన పరుగు లెక్కకే రాదు. తన పరుగులు ముగిసిన పిమ్మటనో, ముందుగానో, ప్రతివాడును ఎండలో మైదానమున నిలిచి, ఇతరులు పడద్రోసిన కోనులను లేవనెత్తవలెను. లక్షాధికారియైనను ఈ సేవనుండి తప్పించుకొనజాలడు.

ఈ పందెములను ఆ దేశమున విరివిగా నడుపుచున్న సంస్థలలో ముఖ్యమైనది 1944లో స్థాపింపబడిన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా. ఆ సంఘము వీనికి ‘సోలో’ అని పేరిడినది. సోలో అనగా ఒంటరి పరుగు. 1973లో మొదటి జాతీయ పోటీ జరిగినది. 2009లో ఈ జాతీయ పోటీలు నెబ్రాస్కా రాష్ట్రమందలి లింకను నగరమునకు మారినవి. అచ్చట పోటీ జరుగు సిమెంటు నేల యొకప్పుడు యుద్ధవిమానములు నిలిచిన వైమానిక స్థావరము; ఆ స్థావరము 1966లో మూతపడినది. బాంబులు మోయు విమానములకై పఱచిన నేల నేడు సామాన్యుల కార్లకు క్రీడాస్థలమగుట సంతోషింపదగిన విషయము. ఇట్టి దృష్టాంతము మనకు సమీపముననే కలదు. మద్రాసునకు దగ్గఱగా షోలవరమున రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానపు బాట మీద అనేక సంవత్సరములు మోటారు పందెములు జరిగినవి. 1990లో శ్రీపెరుంబుదూరు సమీపమున ప్రత్యేకమైన పందెపు బాట ఏర్పడు వఱకు షోలవరమే దక్షిణ దేశపు పందెగాండ్రకు ముఖ్యస్థానము.

ఇక అసలు సంగతి. ఐదువందల గుఱ్ఱముల శక్తి గల కారును నూటపదియాఱు గుఱ్ఱముల శక్తి గల కారుతో పోటీకి నిలుపుట న్యాయము కాదు. మన పాఠశాలల క్రీడలలో వయస్సును బట్టి బాలురను వేఱు చేయుదుము. కుస్తీలో బరువును బట్టి జోడు చూతురు. అట్లే సోలో నియమావళి కార్లను వర్గములుగా విభజించినది. తయారైన నాటి రూపమునకు దగ్గఱగా నున్న కార్లకు ‘స్ట్రీట్’ అను శ్రేణి యొక కొసనున్నది. ఇంజను మొదలు శరీరము వఱకు విశేషముగా మార్చబడిన కార్లకు ‘మోడిఫైడ్’ అను శ్రేణి మఱియొక కొసనున్నది. ఈ రెంటి నడుమ పలు మెట్లు కలవు. ఒక్కొక్క శ్రేణిలో మరల కారు స్వభావమును బట్టి ఉపవర్గములు కలవు. ఏయే మార్పులు చెల్లునో నియమావళి పేర్కొనును. స్ట్రీట్ శ్రేణిలో ఆ గ్రంథము ఏ మార్పునకు అనుజ్ఞ ఇయ్యదో అది చేయరాదనియే అర్థము. ‘వద్దని వ్రాయలేదు గదా’ యను వాదము అచ్చట సాగదు.

దృష్టాంతముగా నొక కారును గైకొందము. జపాను దేశపు మాజ్డా కంపెనీ 1989లో చికాగో ప్రదర్శనమున లోకమునకు చూపిన మియాటా యను చిన్న కారు ఈ క్రీడయందు మిక్కిలి పేరు గాంచినది. రెండే ఆసనములు, మడచుటకు వీలైన పైకప్పు, 1.6 లీటర్ల ఇంజను. 116 గుఱ్ఱముల శక్తి. బరువు వేయి కిలోలకు తక్కువ. శక్తి వెనుక చక్రములకు చేరును. ముందు ఇరుసు మీదను వెనుక ఇరుసు మీదను బరువు ఇంచుమించు సమముగా పడును. తిన్నని రాజమార్గముపై దీనిని జయించు కార్లు కోకొల్లలు. కాని కోనుల నడుమ మలుపులలో ఈ అల్పప్రాణి ఘనులను తలవంచుకొనజేయుట పలుమాఱు జరిగినది. ఇట్టి కారును స్ట్రీట్ వర్గమున పోటీకి నిలువదగినట్లు సిద్ధపఱచుట ఎట్లు?

మొదటిది రక్షణ. పందెమునకు ముందు ప్రతి కారును పరీక్షింతురు. బ్యాటరీ కదలక బిగింపబడి యుండవలెను. చక్రముల నట్లు తగినట్లు బిగింపబడవలెను. బేరింగులందు ఊగులాట ఉండరాదు. నూనె గాని బ్రేకు ద్రవము గాని కారరాదు. బ్రేకు తొక్కుడు గట్టిగా నుండవలెను. సీటు బెల్టు చిరుగక యుండవలెను. తగిన ప్రమాణముద్ర గల హెల్మెట్టు ధరింపవలెను. కారులో విడిగానున్న వస్తువులన్నింటిని తీసివేయవలెను. తొక్కుడు క్రిందికి దొర్లిన నీటిసీసా ఒక్కటి చాలును, ప్రాణాపాయమునకు. పాతబడిన బ్రేకు ద్రవమును మార్చి, మంచి బ్రేకు ప్యాడ్లను వేయుటకు ధనము కొద్దిగానే పట్టును. ఈ పనులు మెఱయవు, మ్రోగవు. కనుకనే యౌవనులు వీనిని వెనుకకు నెట్టుదురు. వీనిని ముందు చేయనివాడు తక్కినవి చేయుటకు అర్హుడు కాడని మా దృఢమైన అభిప్రాయము.

రెండవది టైరు. కారునకు నేలతో గల సంబంధమంతయు నాలుగు అరచేతుల పాటి రబ్బరు మీద ఆధారపడి యున్నది. ఇంజను శక్తియు, బ్రేకు బలమును, చుక్కాని నేర్పును ఆ రబ్బరు ద్వారముననే నేలకు చేరవలెను. టైరు ప్రక్కన అరుగుదల సంఖ్య యొకటి అచ్చువేయబడి యుండును. 100 సంఖ్య గల ప్రమాణపు టైరు కంటె 200 సంఖ్య గలది పరీక్షలో రెండింతలు మన్నునని దాని భావము. సామాన్యముగా మెత్తని రబ్బరు నేలను గట్టిగా పట్టును, త్వరగా అరుగును. స్ట్రీట్ శ్రేణిలో 200కు తక్కువ సంఖ్య గల టైరులు పనికిరావు. చక్రపు వెడల్పును పెంచుటకు వీలు లేదు. వ్యాసమును ఒక అంగుళము వఱకే హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. ఈ హద్దులలో దొరకు ఉత్తమమైన టైరును ఎన్నుకొనుటయే కారు సన్నాహమున అన్నిటికంటె ఫలవంతమగు వ్యయము.

మూడవది ధనముతో గాక ఓర్పుతో సాధింపవలసిన పని. కారు మలుపు తిరుగునపుడు శరీరము బయటి ప్రక్కకు ఒరగును; దానితో బయటి టైరు కూడ ఒరగి, తన అంచు మీద మాత్రమే నిలుచును. చక్రముల పైభాగమును ముందుగానే కొంచెము లోపలికి వంచియుంచినచో, మలుపులో ఆ టైరు నేలపై సమముగా ఆనును. దీనిని కేంబరు అందురు. మొదటి తరము మియాటాలో ముందు వెనుకల చక్రములకు ఈ వంపును సరిచేయు బోల్టులు తయారీనాడే అమర్చబడినవి. కనుక నియమమును దాటకయే డిగ్రీలో కొంత భాగమును సంపాదింపవచ్చును. ఇక గాలి యొత్తిడి. టైరు ప్రక్కభాగమున సుద్దముక్కతో గీతలు గీసి, పరుగు ముగిసిన తరువాత గీత ఎంతవఱకు చెఱిగెనో చూడవలెను. మిక్కిలి క్రిందివఱకు చెఱిగినచో గాలి చాలలేదన్నమాట. వేడికి ఒత్తిడి పెరుగును గనుక ప్రతి పరుగు పిమ్మట కొలిచి, పుస్తకమున వ్రాసికొని, దిద్దుకొనుచుండవలెను. సుద్దముక్కయు, ఒత్తిడి కొలుచు సాధనమును, చిన్న నోటు పుస్తకమును కలవాడు వేలకొలది డాలర్లు గుమ్మరించిన అజాగ్రత్తపరుని ఓడింపగలడు.

నాలుగవది షాక్ అబ్జార్బర్లును యాంటీ రోల్ బారును. స్ప్రింగులను మార్చరాదు, కాని షాక్ అబ్జార్బర్లను నియమిత పరిమితులలో మార్చుకొనవచ్చును. ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు కారు త్వరత్వరగా తిరుగునపుడు బరువు ఎంత వేగముగా మాఱవలెనో ఇవి నిర్ణయించును. శరీరపు ఒరుగును తగ్గించు ఉక్కు బారులలో ముందుదానినో, వెనుకదానినో, ఏదో ఒకదానినే మార్చుటకు అనుజ్ఞ కలదు. ముందు బారును గట్టిపఱచినచో కారు మలుపున కొంత మొండికెత్తును గాని స్థిరముగా నుండును. వెనుక బారును గట్టిపఱచినచో చుఱుకుగా తిరుగును గాని తోక విదల్చును. రెండును కావలెనని ఆశ పుట్టుట సహజము. ఒకటే లభించునని నియమము చెప్పును. ఈ యొక్క నిర్ణయమున పోటీదారుని బుద్ధికి పరీక్ష కలుగును.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. నేర్పులేని యువకుడు తొలుత చేయునది ఇంజను బలమును పెంచుట. టర్బో లేని మియాటాకు టర్బోను తగిలించిన మఱుక్షణమే స్ట్రీట్ శ్రేణి తలుపులు మూయబడును. పొట్టి స్ప్రింగులను వేసినను అంతే. ఆ పిమ్మట పూర్తిగా మార్చబడిన కార్ల నడుమ నిలిచి పోరాడవలసి వచ్చును. వేఱువేఱు వర్గములను పోల్చుటకై సెకనులను ఒక గుణకముతో హెచ్చవేయు పద్ధతి వాడుకలో నున్నది. కారు ఎంత స్వేచ్ఛ గల వర్గమునకు పోవునో గుణకము సామాన్యముగా అంత పెరుగును. మా విద్యార్థులు లెక్క కట్టుటకై ఊహామాత్రమగు ఉదాహరణము: గుణకము 0.80 గల వర్గమున నొకడు 60 సెకనులలో పరుగు ముగించెను, ఫలము 48. అతడే కారునకు మార్పులు చేసి, 0.83 గుణకము గల వర్గమునకు పోయి, 59 సెకనులలో ముగించెను; ఫలము 48.97. గడియారమున ఒక సెకను గెలిచి, లెక్కలో ఇంచుమించు ఒక సెకను ఓడెను. ధనము పోయెను, స్థానమును పోయెను. సగము మార్పు చేసిన కారు ఏ వర్గమునకును చెందని గబ్బిలము వంటిది.

తుదకు కారును నడుపువాడు. ఇచ్చట భౌతికశాస్త్రపు లెక్క యొకటి చూతము. మలుపున టైరులు నిలుపగల వేగముయొక్క వర్గము, పట్టును మలుపు వ్యాసార్ధమును హెచ్చవేసిన ఫలమునకు అనుగుణముగా నుండును. టైరుల పట్టు భూమ్యాకర్షణలో 0.9 వంతు అనుకొందము. 25 మీటర్ల వ్యాసార్ధమున తిరుగు కారు గంటకు 53 కిలోమీటర్లకు కొంచెము పైగా పోగలదు. వెల హెచ్చైన టైరులు వేసి పట్టును 1.0 వంతునకు తెచ్చినచో వేగము 56 కిలోమీటర్లకు కొంచెము మించును. కాని పాత టైరులతోడనే, కోనుల నడుమ స్థలమును చక్కగా వాడుకొని, 30 మీటర్ల వ్యాసార్ధమున తిరిగినచో వేగము 58 కిలోమీటర్లు దాటును! లంబకోణపు మలుపొకటి తీసికొని, మొదటి త్రోవయందు మలుపునకు ఇరుప్రక్కల 5 మీటర్ల తిన్నని భాగములను మలుపు వేగముననే దాటెనని లెక్కించినచో, ఇఱుకు త్రోవకు ఇంచుమించు 3.3 సెకనులును, విశాలమైన త్రోవకు 2.9 సెకనులును పట్టును. ఒక్క మలుపున 0.4 సెకను లాభము, కానీ ఖర్చు లేకుండ. కాని ఆ తొందరలో ఒక్క కోనును తాకినచో ఐదు మలుపుల లాభము ఆవిరియగును. కనుకనే తెలివిగలవారు పందెమునకు ముందు త్రోవను కాలినడకన పలుమాఱు తిరిగి, కన్నులు మూసికొన్నను కోనులు కనబడునంతగా జ్ఞాపకముంచుకొందురు. కారులోని భాగములన్నింటిలో తొలుత బాగుచేయవలసినది ఆసనమున కూర్చున్న భాగమని ఆ క్రీడాకారులు పరిహాసమాడుట కద్దు. ఆ పరిహాసమున నిజము కలదు.

మా మతమునకు రెండు ఆక్షేపణలు రావచ్చును. నియమములు బుద్ధిమంతుల నేర్పును బంధించునని కొందఱందురు. నేర్పును బంధింపవు, నేర్పునకు గట్టు కట్టునని మా సమాధానము. గట్టు లేని నీరు చేలను ముంచును. గట్టుగల నీరు పండించును. హద్దులు లేని స్వేచ్ఛ కోరువారికి మోడిఫైడ్ శ్రేణి తెఱచియే యున్నది. మఱికొందఱు, హద్దులున్నను ధనవంతుడే ఉత్తమమైన టైరులను, షాక్ అబ్జార్బర్లను కొనునుగదా యందురు. ఇది కొంతవఱకు నిజము. జాతీయ పోటీలలో ప్రథమస్థానము కోరువాడు ధనవ్యయము చేయకతప్పదు. కాని హద్దులు ధనముయొక్క పలుకుబడిని తగ్గించునే గాని పెంచవు. హద్దులుండుటచేతనే పాత మియాటా గల విద్యార్థి క్రొత్త మియాటా గల వైద్యునితో ఒకే మైదానమున తలయెత్తి నిలువగలుగుచున్నాడు.

ఈ క్రీడలో మమ్ము మిక్కిలి ఆకర్షించిన సంగతి వేఱొకటి కలదు. ఊరూర జరుగు చిన్న పోటీలలో రక్షణ పరీక్ష జరుగునే కాని, ఏ స్ప్రింగు మార్చబడినదో, ఏ బారు మార్చబడినదో విప్పి చూచుట అరుదు. పోటీదారుడే తన వర్గమును వ్రాసియిచ్చును. తన సంఖ్యతో పాటు వర్గపు అక్షరములను తన చేతులతోడనే తలుపుమీద అంటించుకొనును. తోటివాడు ఆక్షేపణ తెలుపు హక్కు గలదు. పెద్ద పోటీలలో ఆక్షేపణ వచ్చినచో కారును విప్పి చూడవచ్చును. కాని నూటికి తొంబదిపాళ్లు వ్యవహారము నమ్మకము మీదనే నడుచును. చెల్లని మార్పును దాచి, తక్కువ వర్గపు అక్షరములను అంటించుకొనువాడు గెలిచిన బిళ్ల ప్లాస్టిక్కుదైనను బంగారుదైనను ఒకటే. దాని వెల తనకు తెలియును. పర్యవేక్షకుడు వెనుదిరిగినప్పుడు ప్రక్కవాని కాగితమును చూడని బాలుడే రేపు తన కారు తలుపుమీద సత్యమును అంటించును. కారును సిద్ధపఱచుట యనగా ఈ సత్యమునకు మనస్సును సిద్ధపఱచుట కూడ నని మేము తలంచుచున్నాము.

తలిదండ్రులు, ‘ఇది పరదేశపు వినోదము; మా పిల్లలకేల?’ యని అడుగవచ్చును. మన దేశమునను ఆటోక్రాసు పోటీలు జరుగుచున్నవి. అవి పెక్కు చోట్ల మట్టి నేలపై నడుచును. అంతకంటె ముఖ్యమైన సంగతి యొకటి కలదు. 2022లో మన దేశపు రహదారులపై 1,68,491 మంది ప్రమాదములలో మరణించిరని కేంద్ర ప్రభుత్వపు రహదారి రవాణా శాఖ ప్రకటించినది. బహిరంగ వీధులలో వేగపు పందెము లాడుట 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము నేరము. అయినను రాత్రివేళ మన పట్టణ వీధులలో పందెములు జరుగుట అందఱెఱిగినదే. యౌవనమునకు వేగమునందు మక్కువ ఉండకపోదు. ఆ మక్కువకు మూసిన మైదానము, హెల్మెట్టు, గడియారము, నియమపుస్తకము చూపుట మేలా? నడివీధిని దానికి విడిచిపెట్టుట మేలా? జవాబు తలిదండ్రులకే విడుచుచున్నాము.

విద్యార్థులారా! మీలో కొందఱు ముందుముందు ఇంజనీర్లయి దేశాంతరములకు పోవచ్చును. కొందఱు ఈ ఊరనే యుండి సొంత సంపాదనతో చిన్న కారు నొకటి కొనవచ్చును. మైదానమునకు పోవు భాగ్యము కలిగిననాడు మొదట ఇంజను మూతను తెఱువకుడు, నియమపుస్తకమును తెఱువుడు. అవి ఏటేట సవరింపబడును గనుక ఆ యేటి ప్రతినే చదువుడు. ఏది మీకు చెల్లునో దానిని తుదివఱకు చేయుడు. ఏది చెల్లదో దానిని తాకకుడు. పిదప త్రోవను కాలినడకన తిరుగుడు. మీ వంతు వచ్చువఱకు ఇతరుల కోనులను నిలువబెట్టుడు.